కల్చర్‌కు చిక్కని క్రిమి

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. అర్ధరాత్రి చెమటలు పట్టి దిగిపోతుంది. పొద్దున లేచి పనికి వెళ్లిపోవచ్చు కూడా. ఇలాంటి జ్వరానికి మన ఊళ్లలో జరిగే వైద్యం అందరికీ తెలిసిందే. మొదట ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మందుల షాపులో మూడు రోజుల యాంటీబయాటిక్. తగ్గకపోతే వైడాల్ పరీక్ష. అందులో అంకె కాస్త పైకి కనిపిస్తే టైఫాయిడ్ అని తేల్చి రెండు సెలైన్లు, ఇంకో యాంటీబయాటిక్. వారం పది రోజులు జ్వరం అణుగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అన్నం సహించదు. చొక్కా భుజాల మీద వదులవుతుంది. ఈసారి టీబీ ఏమో అన్న అనుమానం. అలా రెండు మూడు నెలలు నడిచాక, మేడ మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తే గానీ ఎవరికీ గుండె గుర్తుకు రాదు. అప్పుడు ఎకో తీస్తారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కవాటం అంచున ఏదో ఊగుతూ తెర మీద కనిపిస్తుంది.

గుండె కవాటానికి పట్టే ఈ ఇన్ఫెక్షన్ పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. వార్డుల్లో పొట్టిగా ‘ఐఈ’ అంటారు. ఏటా లక్ష మందిలో 3 నుంచి 10 మందికి వస్తుందని అంచనా. సంఖ్య చిన్నదే. కానీ ఇన్ని మందులు, ఇన్ని యంత్రాలు వచ్చాక కూడా దీంతో ఆసుపత్రిలో చేరిన ప్రతి అయిదారుగురిలో ఒకరు తిరిగి ఇంటికి రావడం లేదు.

నూటికి 80 నుంచి 90 కేసుల్లో నేరం మూడు జాతులదే: స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్, ఎంటెరోకాకస్. రక్తం తీసి కల్చర్ సీసాలో పోస్తే ఒకటి రెండు రోజుల్లోనే పెరిగి కనిపిస్తాయి. ఏ మందుకు లొంగుతాయో కూడా ల్యాబ్ చెప్పేస్తుంది. ఈ కథనం మిగిలినవాటి గురించి. అయిదు రోజులు సీసాను వెచ్చగా ఉంచినా, యంత్రం ఎంత కనిపెట్టుకుని ఉన్నా చివరికి రిపోర్టులో ‘నో గ్రోత్’ అని వచ్చే కేసుల గురించి. ఎకోలో జబ్బు కళ్లెదుట ఊగుతూ ఉంటుంది, రక్తంలో మాత్రం ఎవరూ లేరంటుంది ల్యాబ్.

ఇలా రిపోర్టు రాగానే అరుదైన క్రిమి అనుకోవడం తొందరపాటు. మన దేశంలో కల్చర్‌లో ఏమీ పెరగకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం, రక్తం తీయకముందే ఒంట్లో పడిన యాంటీబయాటిక్. ఆర్‌ఎంపీ వేసిన ఆ మొదటి సూది కవాటం మీది క్రిమిని చంపలేదు. రక్తంలో తిరిగే నాలుగు క్రిములను మాత్రం తుడిచిపెట్టి ఆనవాలు లేకుండా చేస్తుంది. రోగికి కాస్త నయమైనట్టు ఉంటుంది, వైద్యుడి చేతిలో సాక్ష్యం మాత్రం పోతుంది. ఆ సంగతి తేలాక, అవును ఏ మందూ వాడలేదు అని రూఢి అయ్యాక, అప్పుడు అరుదైనవాటి వంతు. వాటిని పట్టుకోవడానికి సీసా చాలదు. రోగి ఇల్లు, పని, పశువులు, తాగే పాలు, పడుకునే చోటు అడిగి తెలుసుకోవాలి.

కవాటమే ఎందుకు?

గుండెలోని నాలుగు కవాటాల రేకులు పల్చగా, గట్టిగా ఉంటాయి. వాటికి సొంత రక్తనాళాలు దాదాపు లేవు. అంటే, ఒంట్లో ఎక్కడ పుండు పడినా పరుగెత్తుకొచ్చే తెల్ల రక్తకణాలు ఇక్కడికి అంత సులువుగా చేరలేవు. ఆరోగ్యంగా ఉన్న రేకు నున్నగా ఉంటుంది, దాని మీద క్రిమి నిలవదు. ఎప్పుడో చిన్నతనంలో వచ్చిన గొంతునొప్పి ముదిరి రుమాటిక్ జ్వరమై, కవాటాన్ని ముడతలు పడేలా చేసి ఉంటే, లేదా పుట్టుకతోనే అయోర్టిక్ కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉంటే, లేదా పాత కవాటం తీసి కృత్రిమ వాల్వ్ అమర్చి ఉంటే, అక్కడ రక్తప్రవాహం సుడి తిరుగుతుంది. గరుకు తేలిన చోట ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ అతుక్కుంటాయి. చెరువు తూము దగ్గర రాయి గరుకుగా ఉన్నచోటే నాచు పట్టినట్టు, ఆ పూత మీదికి రక్తంలో కొట్టుకొచ్చిన క్రిమి చేరుతుంది. దాని మీద మరో పొర ఫైబ్రిన్, మళ్లీ క్రిములు. దాన్నే వెజిటేషన్ అంటారు. లోపలి పొరల్లోని క్రిములు పెరుగుదల ఆపి మందకొడిగా ఉంటాయి కాబట్టి మందు వాటి మీద సరిగా పనిచేయదు. మామూలు క్రిమి అయినా నాలుగు నుంచి ఆరు వారాలు నరంలోకి మందు ఎక్కించాల్సి రావడం అందుకే.

ఆ వెజిటేషన్ ముక్క విరిగితే ఎటు పోతుందో చెప్పలేం. మెదడుకు పోతే పక్షవాతం. ప్లీహానికో మూత్రపిండానికో పోతే పొత్తికడుపులో, నడుములో పోటు. అందుకే ఎండోకార్డైటిస్ రోగుల్లో కొందరు నేరుగా న్యూరాలజీ వార్డులో తేలతారు. 1885లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో విలియం ఆస్లర్ ఈ జబ్బు మీద చేసిన గల్‌స్టోనియన్ ఉపన్యాసాల్లో గోలంతా ఇదే, ఇన్ని వేషాల్లో వచ్చేదాన్ని గుర్తుపట్టడం ఎలా అని. వేళ్ల కొనల్లో వచ్చే నొప్పి బుడిపెలకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. గోళ్ల కింద సన్నటి ఎర్ర గీతలు, అరచేతిలో నొప్పి లేని మచ్చలు, కంటి రెటీనాలో తెల్లని నడిమితో రక్తపు చుక్కలు కూడా పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. నల్లని చర్మం మీద ఆ మచ్చలు పసిగట్టడం కష్టం. పొలం పనులు చేసే చేతుల్లో గోటి కింద గీత ఉంటే ముల్లు గుచ్చుకుందనే అనుకుంటాం. ఆ పుస్తకాలు రాసినవారు చూసిన చేతులు వేరు.

యాంటీబయాటిక్స్ రాకముందు ఈ జబ్బు సోకితే ఇక అంతే. ప్రపంచ ప్రసిద్ధ సంగీతకర్త గుస్తావ్ మాలర్ 1911 ఫిబ్రవరి 21న న్యూయార్క్ కార్నెగీ హాల్లో జ్వరంతోనే కచేరీ నడిపించాడు. అదే ఆఖరిది. ఆయన కవాటంలో లోపముందని నాలుగేళ్ల ముందే తేలింది. మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యుడు ఎమాన్యుయెల్ లిబ్‌మాన్‌ను పిలిపించారు. ఆయన సహాయకుడు జార్జ్ బేర్ హోటల్ గదికే వచ్చి రక్తం తీసి కల్చర్ పెట్టాడు. నాలుగైదు రోజుల్లో పళ్లేల నిండా స్ట్రెప్టోకాకస్. ఉన్నదున్నట్టు చెప్పమని మాలర్ పట్టుబట్టాడు, చెప్పారు. చనిపోతే వియన్నాలోనే అని బయల్దేరాడు, మే 18న అక్కడే పోయాడు, 50 ఏళ్లకు. క్రిమి దొరికింది, మందు లేదు. పెన్సిలిన్ వచ్చి 1940ల్లో ఈ జబ్బు నయమవడం మొదలయ్యాక పరిస్థితి తిరగబడింది. ఇప్పుడు అలమార నిండా మందులున్నాయి, దేనికి వాడాలో చెప్పాల్సిన క్రిమే కొన్నిసార్లు దొరకదు.

గొర్రెల దొడ్డి నుంచి గుండెలోకి

1935లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కబేళా కార్మికులకు వరసగా జ్వరాలు వచ్చాయి. క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎడ్వర్డ్ డెరిక్‌కు ఆ కేసులు అప్పగించారు. తెలిసిన జ్వరాల్లో ఒక్కటీ సరిపోలేదు. ఏమిటో తేలేదాకా దాన్ని ‘క్వెరీ’ జ్వరం అని రాసుకున్నాడు, 1937లో ప్రచురించాడు, ఆ తాత్కాలిక పేరే క్యూ జ్వరంగా స్థిరపడిపోయింది. మెల్‌బోర్న్‌లో మెక్‌ఫార్లేన్ బర్నెట్ ఆ నమూనాల్లోంచి క్రిమిని వేరుచేశాడు. దాదాపు అదే సమయంలో అమెరికాలోని మోంటానాలో పిడుదుల మీద పనిచేస్తున్న హెరాల్డ్ కాక్స్ బృందానికీ అదే క్రిమి దొరికింది. ఇద్దరి పేర్లూ కలిపి కాక్సియెల్లా బర్నెటీ అన్నారు.

అరుదైన క్రిముల్లో నేను దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. కారణం మన గొర్రెలు. కాక్సియెల్లా పశువుల గర్భసంచిలో కూర్చుంటుంది. చూడి మేక, చూడి గొర్రె ఈసుకుపోయినప్పుడు గానీ, మామూలుగా ఈనినప్పుడు గానీ మాయలో, ఉమ్మనీటిలో కోట్ల కొద్దీ బయటికి వస్తుంది. ఎండకు చావదు, ఆరితే చావదు. దుమ్ములో కలిసి గాలితో పాటు కిలోమీటర్ల దూరం పోగలదు. ఒంట్లోకి వెళ్లడానికి అతి కొద్ది క్రిములు చాలు. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 దాకా జరిగింది ఇదే. పాల కోసం మేకలను వేల సంఖ్యలో ఒక్కచోట పెంచే నార్డ్ బ్రబాంట్ ప్రాంతంలో, మేకల మొహమే చూడని జనానికి కూడా జ్వరాలు వచ్చాయి. నమోదైన కేసులే 4 వేల పైచిలుకు. చివరికి ప్రభుత్వం 50 వేలకు పైగా చూడి మేకలను, గొర్రెలను చంపించింది.

జ్వరం వచ్చినవారిలో చాలామంది తమంతట తామే కోలుకుంటారు. కొందరికి సోకినట్టు కూడా తెలియదు. వందలో అయిదుగురికి లోపే అది లోపల ఉండిపోతుంది. కానీ ఆ అయిదుగురిలో పాత కవాట జబ్బు ఉన్నవారే ఎక్కువ. నెలల తర్వాత, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత కవాటంలో బయటపడుతుంది. డచ్ ఆసుపత్రుల్లో మందల జ్వరం సద్దుమణిగి ఎన్నో ఏళ్లయ్యాక కూడా ఇలాంటి రోగులు వస్తూనే ఉన్నారు, చనిపోతూనే ఉన్నారు. జ్వరం పెద్దగా ఉండదు. వెజిటేషన్ కూడా చిన్నగా, నున్నగా ఉండి ఎకోకు చాలాసార్లు అందదు. క్రిమి మన కణాల లోపలే బతుకుతుంది కాబట్టి కల్చర్ సీసాలో పెరగనే పెరగదు. రక్తంలో దానికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను కొలవాలి. వాటిలో ఫేజ్-1 ఐజీజీ అనే రకం 1:800 దాటితే ఎండోకార్డైటిస్ నిర్ధారణలో పెద్ద ఆధారంగా లెక్కిస్తారు. కానీ ఈ పరీక్ష ఎవరూ ఊరికే రాయరు. అనుమానం వస్తేనే రాస్తారు. అనుమానం రావాలంటే ఎవరో ఒకరు అడగాలి: ‘మీ ఇంట్లో జీవాలున్నాయా? ఈ మధ్య ఏదైనా ఈనిందా?’

2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, దాని తర్వాత ఆంధ్రప్రదేశ్. రెండింటివీ కలిపితే దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం. గొల్ల, కురుమ కుటుంబాల్లో ఈనిక కాలం ఎలా గడుస్తుందో చూసినవారికి తెలుసు. పిల్ల అడ్డం తిరిగితే చేత్తోనే లాగుతారు. మాయను పక్కకు విసిరితే కుక్కలు లాక్కుపోతాయి. తడి పిల్లను గుడ్డతో తుడిచి, అదే గుడ్డ భుజాన వేసుకుంటారు. మంద మధ్యలోనే నిద్ర. చేతి తొడుగు, ముక్కుకు గుడ్డ, మాయను గోతిలో పూడ్చడం ఖర్చు లేని పనులే గానీ వాటి గురించి చెప్పినవారు ఏరీ? ఆస్ట్రేలియాలో కబేళా కార్మికులకు 1989 నుంచి టీకా ఉంది. మన దగ్గర పశువుల్లో వెతికినచోట ఈ క్రిమికి యాంటీబాడీలు దొరికాయి. మనుషుల కవాటాల్లో వెతికినవారు తక్కువ. 2008లో చెన్నై, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ పరిశోధకులు కలిసి, కల్చర్‌లో ఏమీ పెరగని ఎండోకార్డైటిస్ రోగుల నమూనాలను పరీక్షించి, కాక్సియెల్లా బర్నెటీ, బార్టొనెల్లా క్వింటానా రెండూ భారత రోగుల్లో ఉన్నాయని ప్రకటించారు. వెతికారు, దొరికాయి. అరుదు అన్న మాటలో ఎంత నిజమో, ఎంత మన బద్ధకమో ఆలోచించాల్సిన విషయం.

దీనికి వైద్యం పెద్ద ఓపిక పరీక్ష. డాక్సీసైక్లిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రెండూ కలిపి కనీసం 18 నెలలు. కృత్రిమ వాల్వ్ ఉంటే 24 నెలలు. కాక్సియెల్లా తెల్లకణం లోపల ఆమ్లం నిండిన సంచిలో హాయిగా ఉంటుంది, ఆ ఆమ్లంలో డాక్సీసైక్లిన్ దాన్ని చంపలేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అప్పుడు డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. కరోనా రోజుల్లో అక్కరకు రాకపోయినా అందరూ ఎగబడి కొన్న మాత్రకు ఇక్కడ మాత్రం అసలైన పని ఉంది. ఈ మందులు వాడే ఏడాదిన్నర పాటు ఎండలో తిరిగితే చర్మం కందిపోతుంది, కంటి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. రాయలసీమ ఎండలో మంద వెంట తిరిగే మనిషికి ఈ జాగ్రత్తలు చెప్పడం తేలిక, పాటించడం కాదు.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. మిస్సోరీ మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ దాన్ని వేరుచేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో. అక్కడి పరిశోధనకు అప్పుడు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందును లోకానికి ప్రకటించారు, అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. పెన్సిలిన్‌కు లొంగకుండా కణాల లోపల దాక్కునే క్రిములకు ఇప్పటికీ ఆ కుటుంబపు మందులే మొదటి ఆధారం. ఈ కథనంలో చెబుతున్న అరుదైన క్రిముల్లో కాక్సియెల్లా, బ్రూసెల్లా, బార్టొనెల్లా మూడింటి చీటీల్లోనూ డాక్సీసైక్లిన్ కనిపిస్తుంది.

టీబీ మందుతో మోసం

పశువైద్యులు ఈసుడు రోగం అనే బ్రూసెల్లోసిస్ గురించి రైతులకు బాగానే తెలుసు. ఆరేడు నెలల చూడి గేదె ఈసుకుపోతుంది, మాయ సరిగా పడదు. ఆ క్రిమి పచ్చిపాలతోనూ, ఈనిక చేయించిన చేతి గాయంతోనూ మనిషిలోకి వస్తుందన్న సంగతే అంతగా తెలియదు. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికుల జ్వరానికి కారణమైన ఈ క్రిమిని 1887లో డేవిడ్ బ్రూస్ కనిపెట్టాడు. అది మేకపాల నుంచి వస్తోందని 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లీస్ జమ్మిట్ తేల్చాడు. సైనికులకు ఆ పాలు ఆపేయగానే జ్వరాలు పడిపోయాయి.

బ్రూసెల్లా సోకినవారిలో నూటికి ఒకరిద్దరికే గుండెకు పాకుతుంది. అయినా ఈ జబ్బుతో చనిపోయేవారిలో ఎక్కువమంది చావుకు కారణం ఆ ఒకరిద్దరికి వచ్చే ఎండోకార్డైటిసే. ఎక్కువగా అయోర్టిక్ కవాటాన్ని తినేస్తుంది. మన దగ్గర ఇది తప్పించుకునే తీరు వేరు. సాయంత్రపు జ్వరం, చెమట, నడుంనొప్పి, బరువు తగ్గడం అన్నీ టీబీ లక్షణాలే. పరీక్షల్లో తేలకపోయినా టీబీ మందులు మొదలుపెట్టి చూద్దాం అంటారు. అందులో ఉండే రిఫాంపిసిన్ బ్రూసెల్లా మీద కూడా పనిచేస్తుంది. రోగికి కొన్నాళ్లు నిజంగానే తేలిక పడుతుంది. ‘చూశారా, టీబీయే’ అనుకుంటారందరూ. కవాటం మాత్రం లోపల కరుగుతూనే ఉంటుంది. అసలు వైద్యం రెండు మూడు మందులు కలిపి నెలల తరబడి సాగాలి. చాలామందికి కవాటం మార్చాల్సి వస్తుంది.

బ్రూసెల్లా కల్చర్‌లో పెరుగుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు. ల్యాబ్‌లో పనిచేసేవారికి గాలి ద్వారా అంటుకునే క్రిముల్లో ఇది పేరుమోసినది. రోగి పశువుల కాపరి అని సీసాతో పంపే కాగితం మీద ఒక్క ముక్క రాస్తే టెక్నీషియన్ జాగ్రత్త పడతాడు. ఆ కాగితంలో ‘జ్వరం’ అని తప్ప ఇంకేమీ ఉండదు.

పాలు కాస్తే ఇది చస్తుంది. జున్ను ఉడికించే తింటాం కాబట్టి దిగుల్లేదు. పొదుగు దగ్గర గ్లాసు పట్టి తాగే వెచ్చని నురగపాలతోనే ప్రమాదం. ఆ పాలు బలమని పిల్లలకు పట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు బ్రూసెల్లా టీకా వేయడం కూడా భాగం. గుండె జబ్బుల నివారణ గురించి మాట్లాడేటప్పుడు పెయ్యకు వేసే టీకా ఎవరికీ తట్టదు గానీ, తట్టాల్సిందే.

చీరపేలు, పిల్లులు, చేపముల్లు

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో కుళ్లిన సైనికులను లక్షల్లో పడగొట్టిన ట్రెంచ్ జ్వరానికి కారణం బార్టొనెల్లా క్వింటానా. మోసుకొచ్చేది చీరపేను. తల మీద కాకుండా బట్టల మడతల్లో గుడ్లు పెట్టే పేను అది. యుద్ధం అయ్యాక ఈ క్రిమిని అందరూ మరచిపోయారు. 1990ల్లో అమెరికాలోని సియాటిల్‌లో, ఫ్రాన్స్‌లో రోడ్ల మీద బతికే మనుషుల్లో మళ్లీ కనిపించింది. ఈసారి జ్వరంగా కాదు, కవాటం జబ్బుగా. దీని అన్నదమ్మే బార్టొనెల్లా హెన్సెలే, పిల్లి గీతలతో వస్తుంది. రెండూ కల్చర్‌లో వారాల తరబడి పెరగవు. పైగా ఇవి మూత్రపిండాన్ని వాపు చేసి, రక్తంలో ఆంకా అనే యాంటీబాడీని పుట్టిస్తాయి. అది చూసి ఇది రక్తనాళాల ఆటోఇమ్యూన్ జబ్బు అని పొరబడి స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో ఇచ్చిన సంఘటనలు వైద్యపత్రికల్లో పదేపదే వస్తుంటాయి. క్రిమితో నిండిన కవాటం ఉన్న మనిషికి రోగనిరోధక శక్తిని అణిచే మందు!

ట్రాఫెరిమా విప్లై కథ మరీ విచిత్రం. 1907లో జార్జ్ విప్పిల్ ఒక మిషనరీ వైద్యుడి శవపరీక్షలో పేగుల్లో చూశాడు. 1992లో జన్యుక్రమం ఆధారంగా బ్యాక్టీరియాల వంశవృక్షంలో దానికి చోటు దొరికింది. ల్యాబ్‌లో పెంచగలిగింది 2000లో, మార్సెయ్‌లో దిదియే రవూల్ బృందం. చూసిన 93 ఏళ్లకు. వాళ్లకు దొరికింది పేగులోంచి కాదు, ఎండోకార్డైటిస్ వచ్చిన ఒక రోగి మైట్రల్ కవాటంలోంచి. ఈ రోగులకు జ్వరం కూడా చాలాసార్లు ఉండదు, ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు మాత్రం ఉంటాయి.

నోట్లో ఉండే హాసెక్ గుంపు క్రిములు ఒకప్పుడు కల్చర్‌లో పెరగనివాటి జాబితాలో ముందుండేవి. ఇప్పటి యంత్రాలు వాటిని అయిదు రోజుల్లోనే పట్టేస్తున్నాయి. సెఫ్ట్రియాక్సోన్‌కు బాగా లొంగుతాయి. చేపలు, పందిమాంసం శుభ్రం చేసేవారి వేళ్లకు ముల్లు గుచ్చుకుంటే వచ్చే ఎరిసిపెలోథ్రిక్స్ గురించి మాత్రం కోస్తావాళ్లు ఒక మాట తెలుసుకోవాలి. వేలు ఊదా రంగుకు తిరిగి మండుతుంది, చాలావరకు మానిపోతుంది. ఎప్పుడో ఒకప్పుడు అయోర్టిక్ కవాటానికి చేరితే కష్టం. ఎందుకంటే ఎండోకార్డైటిస్ అనుమానంతో మొదట మొదలుపెట్టే వాంకోమైసిన్‌కు అది లొంగదు. పాత పెన్సిలిన్‌కు లొంగుతుంది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రంలో, రొయ్యలు వలిచే చేతులను చూసే వైద్యుడికి ఇది గుర్తుండటం మంచిది.

అన్నిసార్లూ నేరం దొడ్డిదీ పాలదీ కాదు. ఆపరేషన్ థియేటర్‌దే కావచ్చు. గుండె ఆపరేషన్ సమయంలో రక్తాన్ని చల్లబరచి వెచ్చబరిచే హీటర్ కూలర్ యంత్రాల నీటితొట్టిలో మైకోబ్యాక్టీరియం కైమేరా అనే క్రిమి చేరి, యంత్రం ఫ్యాను గాలితో థియేటర్‌లోకి ఎగిరి, తెరిచి ఉన్న గుండెలోని కొత్త వాల్వ్ మీద వాలింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వైద్యులు 2013లో తొలి కేసులు ప్రకటించారు. తర్వాత యూరప్‌లో, అమెరికాలో వరసగా బయటపడ్డాయి. జన్యుక్రమం పోల్చి చూస్తే చాలా కేసుల మూలం జర్మనీలోని ఒక తయారీ కేంద్రం దగ్గర తేలింది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, నాలుగైదేళ్లకో రోగి నీరసంతో, బరువు తగ్గుతూ వస్తే, అప్పటి ఆపరేషన్ ఎవరికి గుర్తుంటుంది?

ముందు రక్తం, తర్వాత మందు

2023లో ఎండోకార్డైటిస్ నిర్ధారణకు వాడే డ్యూక్ ప్రమాణాలను సవరించారు. బార్టొనెల్లా యాంటీబాడీ పరీక్షకు, కాక్సియెల్లా, బార్టొనెల్లా, ట్రాఫెరిమాల జన్యుపరీక్షకు పెద్ద ఆధారాల్లో చోటిచ్చారు. అంటే కల్చర్‌ను మాత్రమే నమ్ముకునే కాలం ప్రమాణాల్లో ముగిసింది. వార్డులో ముగియడానికి ఇంకా సమయం పట్టేలా ఉంది. అవుట్ పేషెంట్ గదిలో రోగికి దక్కేది మూడు నాలుగు నిమిషాలు. ఆ వ్యవధిలో గొర్రెల గురించీ పాల గురించీ అడిగే తీరిక ఏ వైద్యుడికి ఉంటుంది అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్నలకు జవాబులు రోగే ముందుగా చెప్పేయొచ్చు. ‘డాక్టరుగారూ, మాకు మేకలున్నాయండి, పోయిన నెల రెండు ఈసుకుపోయాయి’ అన్న ఒక్క మాట పదివేల రూపాయల పరీక్షల కన్నా దగ్గరి దారి చూపించవచ్చు.

కవాట జబ్బు ఉందని తెలిసినవారు, వాల్వ్ మార్పించుకున్నవారు, పుట్టుకతో గుండె లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులు వారం దాటిన జ్వరానికి సొంతంగా యాంటీబయాటిక్ మింగకూడదు, మింగించకూడదు. వేర్వేరు చోట్ల సూది గుచ్చి, అరగంట వ్యవధితో, కనీసం మూడుసార్లు రక్తం తీశాకే మందు. ‘ఇంత రక్తం తీసేస్తారా’ అని వార్డులో బంధువులు గొడవపడటం తరచూ జరిగేదే. ఒక్కో సీసాకు పది మిల్లీలీటర్ల దాకా పోయకపోతే, క్రిమి రక్తంలో పల్చగా ఉన్నప్పుడు దొరకదు. ఒంటికి ఆ రక్తం లెక్కలోది కాదు.

పళ్ల దగ్గర మాత్రం అతి జాగ్రత్త అక్కర్లేదు. పన్ను పీకించుకునే ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ వేసుకోవడం కృత్రిమ వాల్వ్ ఉన్నవారికి, ఇంతకుముందు ఎండోకార్డైటిస్ వచ్చినవారికి, కొన్ని రకాల పుట్టుక లోపాలున్నవారికే అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే తేల్చింది. రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా 21 రోజులకోసారి పెనిడ్యూర్ సూది వేయించుకునేవారు అదే దీనికీ సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పళ్లు తోముకున్నప్పుడూ నమిలినప్పుడూ రక్తంలోకి క్రిములు జారుతూనే ఉంటాయి. చిగుళ్లు శుభ్రంగా ఉంటే అవి జారడం తగ్గుతుంది.

ఇక కవాటం తీసేయాల్సి వచ్చినవారి విషయం. దొరకని క్రిమికి ఆఖరి చిరునామా ఆ తీసిన కవాటమే. ముక్కను జన్యుపరీక్షకు పంపితే, అంతవరకు ఏ కల్చర్‌కూ అందనిది పేరుతో సహా బయటపడవచ్చు. దాన్ని బట్టి ఇంకా ఎన్ని నెలలు ఏ మందు వాడాలో తెలుస్తుంది. అలవాటు ప్రకారం థియేటర్‌లో తీసిన ప్రతి కణజాలాన్నీ ఫార్మలిన్ డబ్బాలో వేసి పెథాలజీకి పంపుతారు. ఫార్మలిన్‌లో పడితే కల్చర్ పని అయిపోయినట్టే, జన్యుపదార్థం కూడా చెడుతుంది. ఒక ముక్కను విడిగా, శుభ్రమైన సెలైన్ సీసాలో, మైక్రోబయాలజీ ల్యాబ్‌కు పంపాలి. ఆపరేషన్ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేటప్పుడే ఈ సంగతి సర్జన్‌ను అడగవచ్చు. ఆ ముక్కను విడిగా పంపడానికి అయ్యే అదనపు ఖర్చు, సెలైన్ సీసాది.